పాత ఇనుముతో వీధి బొమ్మలు: మీ ప్రశ్నలు, మా జవాబులు

కూడళ్లలో, చెరువు కట్టల మీద, కాలనీ గేట్ల దగ్గర తుక్కుతో చేసిన బొమ్మలు నిలబెట్టాలనుకుంటున్న హైదరాబాద్ పాఠకులు పంపిన ప్రశ్నలివి. చాలా ఉత్తరాలు బొమ్మ రూపం గురించే అడిగాయి. మా జవాబుల్లో మాత్రం లోపలి చట్రం, అతుకులు, నీరు బయటికి పోయే దారి గురించే ఎక్కువ ఉంటుంది. రోడ్డు పక్కన ఎండా వానా తినే బొమ్మ చెడిపోవడం అక్కడే మొదలవుతుంది.

ప్రశ్న: మా కాలనీ గేటు దగ్గర నాగలి పట్టుకున్న రైతు బొమ్మ పెట్టాలనుకుంటున్నాం. ఎత్తు 8 అడుగులు, ఒళ్లంతా పాత నట్లే. వెల్డరు "ఒక క్వింటా తుక్కు తెప్పించండి, సరిపోతుంది" అంటున్నాడు. సరిపోతుందా? సామాను ఎక్కడ దొరుకుతుంది?
— సంక్షేమ సంఘం కార్యదర్శి, మియాపూర్

జవాబు: సగానికి కూడా రాదు. లెక్క చూడండి. 12 మి.మీ. బోల్టుకు పట్టే నట్టు అడ్డంగా 19 మి.మీ. ఉంటుంది, బరువు సుమారు 17 గ్రాములు. పక్కపక్కనే పేరిస్తే చదరపు మీటరుకు 3,200 దాకా పడతాయి. మధ్యలో అతుకుల సందులు తీసేస్తే 3,000 అనుకోండి. అంటే చదరపు మీటరుకు 51 కిలోలు. మామూలు ఎత్తు మనిషి ఒంటి వైశాల్యం 1.8 చదరపు మీటర్లకు అటూఇటూ ఉంటుంది. 8 అడుగుల బొమ్మకు అది రెట్టింపవుతుంది, 3.6 చదరపు మీటర్లు. లెక్కకు దగ్గర దగ్గర 11,000 నట్లు, 185 కిలోలు. లోపలి చట్రం మరో 50, 60 కిలోలు. నాగలి వేరు. మొత్తం రెండున్నర క్వింటాళ్లు. పాత సామానులో తుప్పు తినేసినవి, పగిలినవి, అతుకు పట్టనివి ఎలాగూ వస్తాయి కాబట్టి మూడు క్వింటాళ్లు కొనుక్కోండి.

16 మి.మీ. బోల్టు నట్లు వాడితే చదరపు మీటరుకు 2,000 చాలు గానీ బరువు 66 కిలోలకు పోతుంది. అతుకులు తగ్గుతాయి, కాళ్ల మీద భారం పెరుగుతుంది. మా సలహా ఏమిటంటే ముఖానికీ చేతివేళ్లకూ చిన్న నట్లు, ఛాతీకీ వీపుకూ పెద్దవి వాడండి. పంచె మడతలకు బండి చైన్లు వేయండి. చైను వంగుతుంది కాబట్టి గుడ్డ జారినట్టే కనిపిస్తుంది. నట్లతో మడతలు తీయబోతే పొలుసుల్లా వస్తాయి.

నట్లు కాకుండా కలగలుపు తుక్కు వాడేవాళ్లు అందాజాగా కొనొద్దు. ముందు అడుగు పొడవు, అడుగు వెడల్పు ముక్క ఒకటి అతికించి కాటా వేయండి. వచ్చిన బరువును 11తో గుణిస్తే చదరపు మీటరు లెక్క వస్తుంది. ఈ ముక్కతో ఇంకో ప్రయోజనం ఉంది. ఎన్ని గంటలు పట్టిందో, ఎన్ని వెల్డింగ్ రాడ్లు అయ్యాయో తెలిసిపోతుంది. ఈ పనిలో తుక్కు ధర కంటే కూలీ, రాడ్లు, కరెంటు ఖర్చే ఎక్కువ. 11,000 నట్లకు ఒక్కోదానికి రెండేసి టాకులు (చుక్కల్లాంటి చిన్న అతుకులు) పెట్టినా 22,000 టాకులు. వెల్డరుతో మాట్లాడుకునేటప్పుడు రోజు కూలీ కాకుండా ఈ లెక్క ముందు పెట్టి మాట్లాడుకుంటే తర్వాత ఇద్దరికీ పేచీ ఉండదు.

సామానుకు రాణిగంజ్ ఉంది, నట్లూ బోల్టులూ పైపులూ అక్కడ చూడండి. లారీ కమాను పట్టీలు, గేర్లు, బ్రేకు డ్రమ్ములు ఆటోనగర్‌లో దొరుకుతాయి. చైన్లు, పళ్ల చక్రాలు, క్లచ్ ప్లేట్లయితే మీ వీధి చివర బైకు మెకానిక్కులకే చెప్పి పెట్టండి, వారం వారం పోగేసి ఇస్తారు. బాలానగర్, కాటేదాన్ వైపు ప్రెస్ షాపుల్లో వాషర్లు కొట్టాక మిగిలే చిల్లుల రేకు ఉంటుంది. చెట్ల ఆకులకూ పక్షి రెక్కలకూ దాన్ని మించింది లేదు, గాలి కూడా దాంట్లోంచి పోతుంది.

కొన్న ప్రతిదానికీ బిల్లు తీసుకోండి. పట్టాలు బిగించే క్లిప్పులు, పట్టా ముక్కలు వంటి రైల్వే సామాను ఎంత చవగ్గా వచ్చినా వేలం కాగితం లేకుండా ముట్టుకోవద్దు. రైల్వే ఆస్తిని అక్రమంగా దగ్గర పెట్టుకోవడం మీద 1966 నుంచీ ప్రత్యేక చట్టం ఉంది. మ్యాన్‌హోల్ మూతల విషయంలోనూ అంతే జాగ్రత్త అవసరం. నలుగురూ చూసే చోట పెట్టే బొమ్మలో దొంగసొత్తు ఉంటే అది మీ సంఘం మెడకే చుట్టుకుంటుంది.

ప్రశ్న: మా పాలిటెక్నిక్ విద్యార్థులు లారీ కమాను పట్టీలు, బేరింగులతో గుర్రం బొమ్మ చేశారు. అతికించినప్పుడు గట్టిగానే ఉన్నాయి. వారం తిరిగేసరికి బేరింగులు ఒక్కొక్కటీ రాలిపోతున్నాయి, పట్టీల అతుకుల పక్కనే సన్నటి చీలికలు కనిపిస్తున్నాయి. వెల్డింగ్ నేర్పే మాస్టారు కరెంటు పెంచమంటున్నారు.
— అధ్యాపకుడు, మాసబ్ ట్యాంక్

జవాబు: కరెంటుతో తీరే సమస్య కాదు, లోహమే వేరు. గేటుకు వాడే మెత్తని ఇనుములో కర్బనం పావు శాతం లోపే. కమాను పట్టీలో అది అర శాతం దాటుతుంది, బేరింగులో దాదాపు ఒక శాతం. కర్బనం ఎక్కువున్న ఉక్కు ఎర్రగా కాలి వెంటనే చల్లారితే గాజులా పెళుసెక్కుతుంది. అతుకు వేసిన చోట జరిగేది అదే. అతుకు బాగానే ఉంటుంది, దాని పక్కన ఒకట్రెండు మిల్లీమీటర్ల పట్టీ పెళుసుబారి చీలుతుంది. చెమ్మ పట్టిన రాడ్లు వాడితే హైడ్రోజన్ కూడా లోపలికి చేరుతుంది. అందుకే చీలిక అప్పుడే కనబడకుండా గంటలకో రోజులకో బయటపడుతుంది.

ఏ ముక్క ఏ లోహమో తెలుసుకోవడానికి గ్రైండరు నిప్పురవ్వలు చూడండి. మెత్తని ఇనుముకు రవ్వలు పొడుగ్గా, తిన్నగా, పసుపు తెలుపు రంగులో సాగుతాయి, చివర చీలికలు తక్కువ. కర్బనం ఎక్కువైతే రవ్వ పొట్టిదై, చివర చిచ్చుబుడ్డిలా గుబురుగా పగులుతుంది. పోత ఇనుముకు రవ్వలు ఎర్రగా, పొట్టిగా, రాయి దగ్గరే ఆరిపోతాయి. అల్యూమినియం, ఇత్తడికి రవ్వలే రావు. వీలైతే నీడలో, ఒక మెత్తని ఇనుము ముక్కను పక్కన పెట్టుకుని పోల్చి చూడండి. కొత్త ఆకురాయి జారిపోతుంటే ఆ ముక్క గట్టిపరిచిన ఉక్కని అర్థం.

ఇక అతుకు సంగతి. కమాను పట్టీని అతికే చోట అటూ ఇటూ మూడేసి అంగుళాలు 250 నుంచి 300 డిగ్రీల దాకా వేడి చేయండి. వేడి చూసే గన్ను కొనుక్కోవచ్చు, ఉష్ణోగ్రత సుద్దముక్కలైనా సరే. నీటి చుక్క చుయ్యిమంటే చాలనుకోవద్దు, అది 100 డిగ్రీలకే అంటుంది. రాడ్డు 7018 రకం వాడండి, అదీ 300 నుంచి 350 డిగ్రీల పొయ్యిలో గంట, రెండు గంటలు ఆరబెట్టిందే. అతికాక నీళ్లు చల్లకండి, గాలికీ వదలకండి. పొడి బూడిదలోనో పొడి సున్నంలోనో కప్పి నెమ్మదిగా చల్లారనివ్వండి.

ఇంత శ్రమ లేని దారి ఒకటుంది, మేము దాన్నే మెచ్చుకుంటాం. కమాను పట్టీకి నడుమ బోల్టు చిల్లు ఎలాగూ ఉంటుంది. చట్రానికి మెత్తని ఇనుము పలక అతికి, పట్టీని ఆ చిల్లులోంచి బోల్టు వేసి బిగించండి. రెండో చివరను యు క్లాంపుతో పట్టండి. గుర్రం నడుముకూ మెడకూ ఇంతకంటే నమ్మకమైన పద్ధతి లేదు, ఒక పట్టీ పాడైనా విప్పి మార్చుకోవచ్చు.

బేరింగును అతుకు మీద వేలాడదీయకండి. మెత్తని ఇనుము కడ్డీతో చుట్టూ కొక్కేలు చేసి అందులో కూర్చోబెట్టండి. అతుకు కడ్డీకి కడ్డీకి మధ్య ఉండాలి, బేరింగుకు కాదు. తప్పనిసరైతే 309 లేదా 312 రకం స్టెయిన్‌లెస్ రాడ్డుతో చిన్న టాకు పెట్టండి, బరువు మాత్రం మోపొద్దు. బేరింగును సుత్తితో కొట్టి విడదీసే అలవాటుంటే పిల్లల చేత మానిపించండి. అది వంగదు, ముక్కలై ఎగురుతుంది.

మెత్తని ఇనుము భాగాలకు మామూలు 6013 రాడ్డు చాలు. షాపులో 12 నంబరు అని అడిగే రెండున్నర మి.మీ. రాడ్డుకు 60 నుంచి 90 ఆంపియర్లు, 10 నంబరుకు 90 నుంచి 130. చైను లింకుల్లాంటి పలుచని వాటికి 12 నంబరే వాడండి. గ్రీజు పోకుండా అతికితే అతుకంతా సూది బెజ్జాలవుతుంది. చైన్లను ముందు డీజిల్‌లో నానబెట్టి బ్రష్షు కొట్టండి, తర్వాత సబ్బు నీళ్లతో వేడిగా కడిగి ఎండబెట్టండి. ఒక్క డీజిల్‌తో ఆపేస్తే డీజిలే జిడ్డుగా మిగులుతుంది.

బ్రేకు డ్రమ్ములు, పాత కుట్టుమిషన్ల మొండేలు పోత ఇనుము. వాటికి నికెల్ రాడ్డు కావాలి. ఒకేసారి అంగుళానికి మించకుండా అతికి, వేడి తగ్గకముందే చిన్న సుత్తితో మెల్లగా తట్టి, చల్లారాక తర్వాతి అంగుళం వేయాలి. ఆ రాడ్డు ఖరీదైనది. బోల్టు వేయగలిగే చోట బోల్టే వేయండి.

ప్రశ్న: పాత షాక్ అబ్జార్బర్లు, పెట్రోలు ట్యాంకులు, ఫ్రిజ్ కంప్రెసర్లు చాలా పోగయ్యాయి. నేరుగా కోసి అతికించవచ్చా?
— ఐటీఐ విద్యార్థి, మల్లేపల్లి

జవాబు: వద్దు. మూసి ఉన్న ఏ వస్తువుకూ మంట చూపకండి. షాక్ అబ్జార్బర్‌లో నూనె ఉంటుంది, చాలావాటిలో ఒత్తిడితో గ్యాసు కూడా. వేడెక్కితే కడ్డీ తూటాలా దూసుకొస్తుంది. బయటి స్ప్రింగు మాత్రం తీసుకోండి, లోపలి గొట్టాన్ని వదిలేయండి. ఆ స్ప్రింగును కూడా నొక్కే పరికరంతోనే విప్పాలి. పెట్రోలు ట్యాంకు ఏళ్ల తరబడి ఖాళీగా ఉన్నా గోడలకు అంటిన ఆవిరి చాలు పేలడానికి. సబ్బు నీళ్లతో పదేపదే కడిగి, అతికే చోటు ఒక్కటి తప్ప మిగతా అంతా నీళ్లు నింపి, మూత తెరిచి ఉంచి, అనుభవజ్ఞుడైన వెల్డరు చేత మాత్రమే చేయించాలి. కంప్రెసర్లలోని గ్యాసును ఏసీ మెకానిక్ యంత్రంతో తీయించాలి. వంటగ్యాసు సిలిండర్లు, మంటలార్పే సిలిండర్లు, కారు ఎయిర్‌బ్యాగులు అసలు కొననే వద్దు.

ఇంకో రెండు మాటలు. క్లోరిన్ కలిసిన బ్రేకు క్లీనరుతో తుడిచిన ముక్క మీద వెల్డింగ్ ఆర్క్ కొడితే ఫాస్‌జీన్ అనే విషవాయువు పుట్టవచ్చు. తుడవడానికి సబ్బు నీళ్లే వాడండి. జీఐ పైపులు, జీఐ రేకులు, అంటే జింకు పూత ఉన్నవి, అతికితే తెల్లటి జింకు పొగ వస్తుంది. అది పీల్చినవాళ్లకు కొన్ని గంటల తర్వాత, చాలాసార్లు రాత్రికి, చలి జ్వరం వస్తుంది. ముందు పాలు తాగితే ఏమీ కాదనే నమ్మకం షెడ్డుల్లో బలంగా ఉంది. పాలు కడుపులోకి పోతాయి, పొగ ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అతుకుకు అటూ ఇటూ రెండు మూడు అంగుళాలు జింకు పూత గ్రైండ్ చేసేయండి. ఆ పనికీ, అతుకు పనికీ వెల్డింగ్ పొగకు సరిపడే మాస్కు పెట్టుకోండి, గాలికి ఎదురుగా కాకుండా పక్కకు నిలబడండి.

ప్రశ్న: ఉప్పల్ దగ్గర మా సంస్థ ఆవరణ ముందు నెమలి బొమ్మ పెట్టాం. తుప్పు రంగు సహజంగా బాగుంటుందని రంగు వేయకుండా పైన క్లియర్ లాకరు కొట్టించాం. ఒక్క వానాకాలానికే లాకరు పొరలు పొరలుగా లేచిపోయింది, కింద గ్రానైటు దిమ్మె మీద ఎర్రటి చారలు పడ్డాయి. లాకరు నాసిరకమా?
— పాఠకురాలు, ఉప్పల్

జవాబు: లాకరుది తప్పు కాకపోవచ్చు. తుప్పు మీద వేసిన ఏ పారదర్శక పూతకైనా ఇదే గతి. తుప్పు అంటే గట్టి పొర కాదు, చెమ్మ పీల్చే పొడి. దాని మీద పూత వేస్తే పూత పొడికి అంటుకుంటుంది గానీ ఇనుముకు అంటుకోదు. నట్ల మధ్య సందుల్లోకి బ్రష్షు పోదు, స్ప్రే సగమే పోతుంది. అక్కడ నీరు చేరి, పూత కిందనుంచే తుప్పు పాకుతుంది. పైగా లాకరులో తుప్పును అడ్డుకునే రసాయనమేదీ ఉండదు, మన ఎండకు అది నెర్రెలు కూడా విడుస్తుంది.

తుప్పు రంగుతోనే నిలిచిపోయే ఉక్కు ఒకటుంది, కార్టెన్ అంటారు. అందులో రాగి, క్రోమియం వంటివి కలిపి ఉంటాయి కాబట్టి పై తుప్పు గట్టిపడి లోపలికి పోకుండా ఆపుతుంది. మామూలు తుక్కుకు ఆ గుణం లేదు, అది తింటూనే పోతుంది. దళసరి ముక్కలతో చేసిన బొమ్మయితే తుప్పు రంగు ఉంచుకోవచ్చు: వదులు తుప్పు తీగ బ్రష్షుతో తీసి, బాగా ఎండాక మైనం పూత రుద్ది, ప్రతి ఏడాదీ వానలకు ముందు మళ్లీ రుద్దాలి. 2 మి.మీ. కంటే పలుచని రేకులున్న బొమ్మకు ఇది పనికిరాదు. మీ నెమలి తోకలో సైలెన్సరు రేకులున్నాయని రాశారు కనుక రంగు వేయక తప్పదు.

ఇప్పుడు చేయాల్సింది. లేచిన లాకరంతా తీయించండి. వీలైతే పారిశ్రామికవాడలోని బ్లాస్టింగ్ యూనిట్‌కు పంపి గార్నెట్ గ్రిట్‌తో (గాలి ఒత్తిడితో చిమ్మే గరుకు రాతి రవ్వ) కొట్టించండి, సందుల్లోకి వెళ్లే పద్ధతి అదొక్కటే. నది ఇసుకతో కొట్టే చోటికి వద్దు, ఆ దుమ్ము పనివాళ్ల ఊపిరితిత్తులను శాశ్వతంగా పాడుచేస్తుంది. పంపలేకపోతే గ్రైండరుకు కప్పు ఆకారపు తీగ బ్రష్షు బిగించి శుభ్రం చేసి, సందుల్లో ఫాస్ఫారిక్ లేదా టానిక్ ఆమ్లం ఉన్న తుప్పు మార్చే ద్రవం వేయండి. తుప్పు నల్లగా మారుతుంది. మెరిసే ఇనుము బయటపడ్డాక నాలుగు గంటల లోపు మొదటి ప్రైమరు పడాలి, మర్నాటికి వాయిదా వేస్తే రాత్రి చెమ్మకే మళ్లీ ఎర్రబారుతుంది. జింక్ ఫాస్ఫేట్ ఎపాక్సీ ప్రైమరు రెండు పూతలు, ఒక్కోటి 50 మైక్రాన్ల (మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు) మందం. మొదటిది బ్రష్షుతో సందుల్లోకి పొడిచినట్టు వేయండి, రెండోది స్ప్రే. పైన పాలీయురేథేన్ రంగు రెండు పూతలు. ఎపాక్సీని పై పూతగా వదిలేస్తే ఎండకు సుద్దలా రాలుతుంది. రెండు డబ్బాలు కలిపే రంగు కాబట్టి డబ్బా మీద రాసిన సమయంలో వాడగలిగినంతే కలపండి.

తుప్పు రంగే మీకు ఇష్టమైతే ప్రైమరు మీద ఇటుక ఎరుపు, కాఫీ, నలుపు రంగులను స్పాంజితో అద్దించండి. నాలుగడుగుల దూరం నుంచి తేడా తెలియదు.

పనికి నవంబరు నుంచి మార్చి మంచి కాలం. గాలిలో తేమ 85 శాతం దాటినప్పుడు రంగు వేయొద్దు. మే నెల మిట్టమధ్యాహ్నమూ వద్దు. ఇనుము చెయ్యి పెట్టలేనంత కాలి, రంగులోని థిన్నరు, రంగు పరుచుకోకముందే ఎగిరిపోయి సూది బెజ్జాలు మిగులుతాయి. ఉదయం పదింటిలోపు ముగించండి.

ఇంతా చేసి ఒక్కటి మరిస్తే డబ్బు వృథా. బొమ్మలో గిన్నెలా ఉన్న ప్రతి చోటా, మూసిన ప్రతి గొట్టం అడుగునా 8 నుంచి 10 మి.మీ. చిల్లు వేయించండి. నెమలి పాదాల దగ్గర, తోక మొదట్లో తప్పకుండా. బకెట్టు నీళ్లు పోసి చూడండి. పోసినవన్నీ కిందికి రాకపోతే ఇంకో చిల్లు కావాలి. దిమ్మె మీది చారలకు ఆక్సాలిక్ ఆమ్లం పనిచేస్తుంది. చేతి తొడుగులు వేసుకుని, ముందు ఒక మూల పరీక్షించి, తర్వాత నీళ్లతో బాగా కడిగేయండి.

ప్రశ్న: ఫుట్‌పాత్ అంచున ఒక నాయకుడి తుక్కు విగ్రహం పెడతామంటే కార్పొరేషన్ వాళ్లు ఒప్పుకోలేదు. అదే రోడ్డు డివైడర్‌లో సీతాకోకచిలుక బొమ్మ ఉంది. ఇదేం న్యాయం?
— యువజన సంఘం సభ్యుడు, ఎల్బీ నగర్

జవాబు: వాళ్లు చెప్పింది సరైనదే. రోడ్లు, ఫుట్‌పాత్‌లు, ప్రజావసర స్థలాల్లో విగ్రహాలకు అనుమతివ్వొద్దని సుప్రీంకోర్టు 2013 జనవరి 18న రాష్ట్రాలను ఆదేశించింది. వీధి దీపాలకూ, రోడ్ల అభివృద్ధికీ, సుందరీకరణకూ ఆ ఆదేశం వర్తించదని అందులోనే ఉంది. సీతాకోకచిలుక రెండో కోవలోకి వస్తుంది. మీ విగ్రహానికి ప్రైవేటు స్థలం చూసుకోండి.

సుందరీకరణ బొమ్మకైనా కార్పొరేషన్ లిఖిత అనుమతి, ట్రాఫిక్ పోలీసుల నిరభ్యంతర పత్రం ఉండాలి. మెట్రో స్తంభాల కిందైతే మెట్రో సంస్థను, జాతీయ రహదారైతే ఆ రహదారి సంస్థను అడగాలి. దరఖాస్తుతో పాటు కొలతల బొమ్మ, బరువు, పునాది నక్షా జత చేయండి. మలుపుల్లో డ్రైవరు కంటి ఎత్తుకు అడ్డొచ్చే బొమ్మ ఎంత అందమైనదైనా పెట్టకూడదు. ఎదురెండను కళ్లలోకి కొట్టే అద్దాలు, మెరుగు స్టీలు పళ్లేలు కూడా రోడ్డు వైపు వద్దు.

ప్రశ్న: మొదటి ప్రశ్నలాంటి 8 అడుగుల మనిషి బొమ్మకే పునాది ఎంత లోతు తీయాలి? గాలివానకు పడిపోకుండా ఏం చేయాలి?
— సివిల్ మేస్త్రీ, ఘట్‌కేసర్

జవాబు: భారత ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం హైదరాబాద్‌కు గాలి వేగం సెకనుకు 44 మీటర్లుగా తీసుకోమంటుంది. దాన్నిబట్టి చదరపు మీటరుకు సుమారు 118 కిలోల ఒత్తిడి. బొమ్మ ఎదురుగా గాలికి అడ్డుపడే వైశాల్యం ఒకటిన్నర చదరపు మీటర్లు, ఆకారానికి 1.3 గుణకం వేసుకుంటే 230 కిలోల తోపు. ఇది 3 అడుగుల దిమ్మె మీద నిలబడ్డ బొమ్మ నడుము దగ్గర తోస్తుంది.

నాలుగడుగుల చదరం, రెండడుగుల లోతు ఎం20 (బలాన్ని బట్టి పెట్టిన రకం) కాంక్రీటు పునాది రెండు టన్నులు తూగుతుంది. దాని మీద 2 అడుగుల చదరపు దిమ్మె ఇంకో ముప్పావు టన్ను. గట్టి మొరం నేలలో ఈ తోపుకు మూడు రెట్లు ఓర్చుకుంటుంది. నల్లరేగడి అయితే ఆ మట్టి ఉబ్బి కుంచించుకుంటుంది కాబట్టి అది దాటి గట్టి నేల తగిలేదాకా తవ్వి, ఇంజనీరుకు చూపించండి.

అయితే ఇలాంటి బొమ్మలో మొదట లొంగేది పునాది కాదు, చీలమండలు. 230 కిలోల తోపు నాలుగడుగుల ఎత్తున ఉంటే రెండు కాళ్ల మీదా పడే వంపు బలానికి ఒకటిన్నర అంగుళం పైపు వంగిపోతుంది. రెండంగుళాలది అంచు మీద ఉంటుంది. రెండున్నర అంగుళాల బి క్లాసు (మధ్యరకం మందం) పైపు తీసుకోండి, పాదం నుంచి భుజం దాకా అతుకు లేకుండా పోనివ్వండి. బొమ్మ ఒంటికాలి మీద ఉంటే ఈ లెక్క చాలదు, మళ్లీ వేయాలి.

అడుగున 12 మి.మీ. మందం, 400 మి.మీ. చదరపు పలక. పైపుకూ పలకకూ మధ్య నాలుగు వైపులా ముక్కోణపు పట్టీలు అతకండి. అడుగున కొక్కెంలా వంగిన జె బోల్టులు నాలుగు, కాంక్రీటులో 450 మి.మీ. లోపలికి. బలానికి 16 మి.మీ. చాలు, తుప్పుకు కొంత పోతుందని 20 వేయడం మేలు. బోల్టులను పోత పోసేటప్పుడు పలకలాగే చిల్లులు తీసిన చెక్కతో పట్టి ఉంచండి, లేకపోతే తర్వాత చిల్లులు కలవవు, పలకను గ్యాసుతో కోయాల్సొస్తుంది. పలక కింద సమం చేసే నట్లు వేసి, అంగుళం సందు వదిలి, కుంచించుకోని గ్రౌటు (సందులు నింపే సిమెంటు ముద్ద) నింపండి. దిమ్మె పై తలం బయటికి వాలుగా ఉండాలి. పాదాల చుట్టూ మట్టి పోసి గడ్డి పెంచడం చాలాచోట్ల చూస్తున్నాం. అది మంచిది కాదు, చెమ్మతో బొమ్మ మొదట కుళ్లేది అక్కడే. పై నట్లు బిగించాక టాకు పెట్టేయండి, దొంగల బెడద ఉండదు. ఇత్తడి, రాగి ముక్కలు చేతికందే ఎత్తులో వాడకపోవడమే నయం.

ప్రశ్న: పాత టైర్లతో ఏనుగు చేస్తున్నాం. ఏమైనా జాగ్రత్తలు చెప్పండి.
— ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయిని, కుత్బుల్లాపూర్

జవాబు: ముందు దోమల సంగతి. డెంగీ దోమకు టైరులో నిలిచిన గ్లాసెడు నీళ్లు చాలు, గుడ్డు నుంచి దోమ కావడానికి వారం పది రోజులే. ప్రతి టైరుకూ కింద వచ్చే వైపు 12 మి.మీ. చిల్లులు మూడు నాలుగు వేయండి. నిలువుగా పెట్టినా లోపలి గాడిలో నీరు నిలుస్తుంది. టైరు పక్క గోడను సబ్బు నీళ్లు రాస్తూ జిగ్‌సాతో కోయొచ్చు. అంచులో ఉక్కు తీగ ఉంటుంది, అక్కడికి గ్రైండరు చక్రం కావాలి, బయటపడ్డ తీగ కొసలు పిల్లలకు గుచ్చుకోకుండా లోపలికి మడవాలి. రబ్బరుకు రబ్బరు 8 మి.మీ. బోల్టులతో, రెండు వైపులా పెద్ద వాషర్లు వేసి బిగించండి. ఎనామిల్ రంగు నెర్రెలిస్తుంది, బయటి గోడలకు వేసే అక్రిలిక్ ఎమల్షన్ రబ్బరుతో పాటు సాగుతుంది. పిల్లలు ఎక్కే బొమ్మయితే లోపల ఇనుప చట్రం తప్పదు.

ప్రశ్న: పాతబస్తీలో విరిగిన గాజులు బస్తాలకొద్దీ దొరుకుతాయి. వాటితో చేస్తే ఎలా ఉంటుంది?
— చిత్రకళ విద్యార్థిని, చార్మినార్

జవాబు: చాలా మంచి ఆలోచన. చండీగఢ్‌లో నేక్ చంద్ 1957 ప్రాంతంలో మొదలుపెట్టి పెంచిన రాక్ గార్డెన్‌లో గాజు ముక్కలు, పింగాణీ పెంకులు తాపడం చేసిన బొమ్మలు వందలాదిగా ఉన్నాయి. అది 1976లో ప్రజలకు తెరిచారు. గాజుకు తుప్పు లేదు, రంగు ఎండకు వెలవదు.

కానీ చార్మినార్ పక్కనున్న లాడ్ బజార్ పేరు మోసింది లక్క గాజులకు. లక్క మన వేసవి ఎండకు మెత్తబడుతుంది, దానికి అతికిన అద్దాలు ఊడిపోతాయి. గాజు గాజులనే ఏరుకోండి. 8 మి.మీ. చువ్వలతో ఆకారం కట్టి, కోడి జాలీ రెండు పొరలు బిగించి, ఒకటికి రెండున్నర పాళ్ల సిమెంటు ఇసుక మాలును అంగుళం మందాన పట్టించండి. చువ్వ మీద కనీసం అర అంగుళం మాలు ఉండాలి, లేదంటే లోపల తుప్పు ఉబ్బి పైపొర పగులుతుంది. రెండు వారాలు తడి గోనెలు కప్పండి. ఆ తర్వాత పలుచని మాలు పొరలో గాజు ముక్కలు సగానికి పైగా దిగేలా గుచ్చండి, పదునైన కొసలు లోపలికి పోవాలి. ఒకసారికి అరగంటలో గుచ్చగలిగినంత మేరకే మాలు పట్టించండి.

ప్రశ్న: బొమ్మకు రాత్రిపూట దీపాలు పెట్టించాలి. వీధి స్తంభం నుంచి తీగ లాగితే సరిపోతుందా?
— దుకాణదారు, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: సరిపోదు, ప్రమాదం కూడా. ఇనుప బొమ్మ, వాన నీరు, 230 వోల్టులు ఒకచోట చేరకూడదు. విద్యుత్ పంపిణీ సంస్థ నుంచి మీటరుతో కనెక్షన్ తీసుకోండి. బొమ్మకు దూరంగా, వరద నీరు అందని ఎత్తులో పెట్టెలో 24 వోల్టులకు దించే సప్లయి పెట్టి, అక్కడి నుంచి తక్కువ వోల్టేజి తీగలే బొమ్మ దాకా తీసుకెళ్లండి. దీపాలు దుమ్మూ నీరూ లోపలికి పోని ఐపీ 67 రకం ఉండాలి. పెట్టెలో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చు) తప్పనిసరి, దాని మీది టెస్ట్ బటన్ నెలకోసారి నొక్కి చూడాలి. బొమ్మ అడుగు పలకకు బోల్టు వేసి విడిగా ఎర్తు చేయించండి. తీగలను బొమ్మ లోపలి ముక్కల మీదుగా లాగొద్దు, పదును అంచులు తొడుగును కోస్తాయి. పీవీసీ గొట్టంలో పోనిచ్చి, గొట్టం నోళ్లు కిందికి తిప్పండి. దీపం బిగించే క్లాంపులు రంగు వేయక ముందే అతికించుకోండి, తర్వాత అతికితే అక్కడ రంగు కాలిపోయి తుప్పు మొదలవుతుంది.